మధ్య రికార్డు

అబద్ధం రాయడం భానోజీకి పెద్ద కష్టమనిపించలేదు. రాశాక మేష్టారి ఎదురుగా కూచుని ఆయనిచ్చిన కాఫీ తాగడమే కష్టమైంది. గుటక దిగితే ఒట్టు.

ఆ అబద్ధం అరచేతిలో పట్టేంత అట్టకార్డు మీద ఉంది. ఫ్లూటు కన్చెర్టో, రాసినవారు ఎతియెన్ మోర్విల్, రెండు రికార్డులు, రెండు భాగాలు. అన్నిటికీ కింద, చివరి గడిలో, గుండ్రటి దస్తూరీతో ‘పూర్తి’ అని. నిజానికి ఆ కన్చెర్టోకి మూడు రికార్డులు, మూడు భాగాలు. మధ్య రికార్డు ముక్కలై, తువ్వాల్లో చుట్టుకుని, అతని భుజం సంచీ అడుగున పడుంది.

ఈ సంగతి మొదట్నుంచీ చెప్పుకోవాలి.

లాజరు మేష్టారి ఇల్లు యానాంలో, గోదారి గట్టుకి దగ్గర. ఫ్రెంచివాళ్లు ఊరొదిలి పోయేటప్పుడు బీరువాలూ కుర్చీలూ అమ్ముకున్నారు గానీ, లక్క రికార్డుల పెట్టెల్ని మాత్రం ఎవరూ కొనలేదు. చర్చిలో ఆర్గన్ వాయించే కుర్రాడొకడున్నాడు, వాడికిచ్చెయ్యండి అన్నారెవరో. ఆ కుర్రాడే ఈ మేష్టారు. పెళ్లి చేసుకోలేదు, రికార్డులతోటే కాపురం చేశారు.

అవి పేరు మోసిన మహానుభావుల సంగీతమా అంటే, అదీ కాదు. రెండొందల ఏళ్ల కిందట ఫ్రాన్సులో బతికి, రాజులు మారగానే జనం మర్చిపోయిన వాళ్ల కన్చెర్టోలు. కన్చెర్టో అంటే ఏం లేదు, ఒక వాద్యం ముందు నిలబడి మాట్లాడుతుంటే వెనక పాతిక వాద్యాలు ఊఁ కొడుతూ, మధ్యమధ్యలో ఎదురు చెబుతూ సాగే సంగీతం. ఒక్కో కన్చెర్టో రెండు మూడు రికార్డుల మీద పరుచుకుని ఉంటుంది. ఒక వైపు అయ్యాక తిప్పి రెండో వైపు వెయ్యాలి, అదయ్యాక ఇంకో రికార్డు.

ఒక తుఫానుకి గోదారి ఇంట్లోకొచ్చింది. రికార్డుల నడుమ అంటించిన కాయితాలన్నీ నాని ఊడిపోయాయి. సంగీతం మిగిలింది, పేర్లు కొట్టుకుపోయాయి. అప్పట్నుంచీ ఏ రికార్డులో ఎవరి సంగీతముందో చెవితో విని కనిపెట్టాల్సిందే.

మేష్టారి చెవులా, కొన్నేళ్లుగా ఆయన మాట వినడం మానేశాయి. ముందు ఫ్లూటు పోయింది, తర్వాత వయొలిన్లు పోయాయి. ఇప్పుడు ఎదురుగా కూచుని గట్టిగా మాట్లాడితే తప్ప లాభం లేదు. గ్రామఫోను పాడుతుంటే దాని చెక్క మీద అరచెయ్యి ఆనించి కూచుంటారు, అంతే.

అందుకని వచ్చాడు భానోజీ. పాండిచ్చేరిలో ఫ్రెంచి చదివాడు, ఫ్లూటు నేర్చాడు. చెవి చురుకు, నోరు ఇంకా చురుకు. మేష్టారికి శిష్యుడై, ఆయన రికార్డులకి వరసగా కార్డులు రాయడం మొదలెట్టాడు. మేష్టారు చెప్పిన పద్ధతులు కొన్నే. వినకుండా రాయకు. ప్రతి వైపుకీ కొత్త ముల్లు వెయ్యి. ఒక్కసారికి ఒక్క రికార్డే తియ్యి, రెండు చేతుల్తో పట్టుకో. ఈ ఆఖరిదాని మీద భానోజీకి మొదట్నుంచీ చిరాకు. పసిపిల్లలకి చెప్పినట్టు చెబుతారేమిటీ అని.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, కుర్రాడు మట్టసంగా పనిచేశాడు. మోర్విల్ అనే పేరు కనిపెట్టింది అతనే. మరుగున పడ్డ కన్చెర్టోల ఆరంభ స్వరాలు మాత్రం అచ్చేసిన పాత ఫ్రెంచి పట్టిక ఒకటి సంపాదించి, పేరు లేని ఒక పెట్టెలోని ఫ్లూటు ఎత్తుగడ అందులో ఫలానా మోర్విల్‌దేనని పోల్చుకున్నాడు. వెంటనే పాండిచ్చేరిలోని ఒక సంగీత ట్రస్టుకి రాశాడు. వాళ్లు ఎగిరి గంతేశారు. మోర్విల్ రికార్డు ఇంకెక్కడా ఉన్నట్టు లేదన్నారు. వచ్చి చూస్తామన్నారు. బాగుంటే పెట్టెలన్నీ తీసుకుని, తడి తగలని గదిలో పెట్టి, యంత్రాల మీద నకళ్లు తీయించి, భానోజీనే వాటికి కాపుదారుగా వేస్తామన్నారు. ఒక్కటే షరతు. సెట్లు పూర్తిగా ఉండాలి. విరిగినవీ సగం పోయినవీ తీసుకోవడం మా పద్ధతి కాదు అన్నారు.

ఆ కబురు వచ్చిన పూటే కొంప మునిగింది.

భానోజీకి సంతోషంతో కాలు నిలవడం లేదు. మోర్విల్‌ని ఇంకోసారి విందామని పెట్టె తెరిచి, మొదటి రికార్డూ రెండోదీ కలిపి ఒక్క చేత్తో ఎత్తి, ఈల వేసుకుంటూ గ్రామఫోను దగ్గరికి నడిచాడు. చేతిలోంచి ఒకటి జారింది. లక్క రికార్డు పగిలితే గాజులాగా గోల చెయ్యదు. టప్పుమని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంటుంది.

వంటింట్లో చారు పోపు పెడుతున్న మేష్టారు ఇటు తిరగలేదు. వినపడితేగా.

మోకాళ్ల మీద కూలబడి ముక్కలేరుకున్నాడు భానోజీ. చెప్పేద్దామనే వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు. మేష్టారు నవ్వుతూ గరిటె చాపి, “ఉప్పు చూడు నాన్నా” అన్నారు. చూశాడు. సరిపోయిందండి అన్నాడు. అంతే, తర్వాత నోరు పెగల్లేదు.

చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. మోర్విల్ సగమైతే ట్రస్టు రాదు. ట్రస్టు రాకపోతే తన కొలువు పోతుంది, అది అలా ఉంచు, ఈ పెట్టెలన్నీ వచ్చే తుఫాను దాకా ఈ ఇంట్లోనే పడుంటాయి. ఆలోచించగా ఆలోచించగా దారి దొరికింది. ఆ కాలపు పారిస్‌లో రెండే భాగాలతో ముగించే అలవాటు చాలామందికి ఉండేది. నిజంగానే ఉండేది. మోర్విల్ కూడా అలాగే రాశాడంటే కాదనేవాడెవడు? చదువు లేనివాడైతే తడబడి దొరికిపోయేవాడు. వీడి అబద్ధానికి చరిత్రే సాక్ష్యానికొచ్చింది.

పైగా మేష్టారు ఆ పెట్టె మాట ఎప్పుడూ ఎత్తలేదు గనక, ఆ మధ్య భాగం విన్నవాడు లోకంలో తనొక్కడే అనుకున్నాడు. పేరు కనిపెట్టిన రోజున విన్నాడు దాన్ని. చాలా నెమ్మది నడక. ఒక చోట ఫ్లూటు పాడుతూ పాడుతూ ఆగిపోతుంది. వెనక వాద్యాలన్నీ కూడా ఆగిపోతాయి. అయిపోయిందేమో అనుకునేలోపు ఎక్కడో అడుగు స్వరంలోంచి మళ్లీ లేస్తుంది. ఆ చోట భానోజీకి ఏడుపొచ్చింది.

కార్డు రాసిచ్చాడు. మేష్టారు కళ్లజోడు పెట్టుకుని చదివారు.

“రెండే భాగాలా?”

“అవునండి. ఆ రోజుల్లో అలా రాసేవారు చాలామంది.”

“నువ్వు విన్నావు కదా?”

“విన్నానండి.”

“సరే అయితే” అని కార్డుని తీసుకెళ్లి మిగతావాటి సరసన పెట్టేశారు. కాఫీ కలిపి తెచ్చారు. ఆ కాఫీయే గొంతు దిగంది.

ట్రస్టు తరఫున వైజయంతి గారనే ఆవిడ పొద్దున్నే కార్లో దిగింది. యాభై దాటి ఉంటాయి, మాట చురుకు, నడక ఇంకా చురుకు. కొబ్బరినీళ్లు తాగి, కార్డుల్లో ఓ గుప్పెడు తీసి తిరగేసింది. మొహం విప్పారింది.

“ఎంత శుభ్రంగా రాశారండీ” అంది భానోజీతో. “ఇంత ఓపిగ్గా చేసినవాళ్లని నేను చూళ్లేదు. సరే, మోర్విల్‌ని వినిపించండి. దానికోసమే వచ్చాను.”

భానోజీ లేవబోయాడు. మేష్టారు చేత్తో వారించారు.

“ఇవాళ నేను పెడతాను నాన్నా.”

భానోజీ మళ్లీ కూచుని సంచీ ఒళ్లోకి లాక్కున్నాడు. ఆయన రికార్డులు పెట్టి చాలా కాలమైంది. మోర్విల్ పెట్టె బల్ల మీద పెట్టుకుని, రెండు అరచేతుల మధ్యా మొదటి రికార్డు పైకి తీశారు. కొత్త ముల్లు బిగించారు. హేండిలు తిప్పి కీ ఇచ్చారు. ఫ్లూటు మొదలైంది, వెనక వయొలిన్లు అందుకున్నాయి. వైజయంతి గారు కళ్లు మూసుకుంది. ఒక వైపయ్యాక తిప్పి రెండోది వేశారు. మొదటి భాగం దర్జాగా ముగిసింది.

ఇక మిగిలింది ఒక్కటే రికార్డు. హుషారుగా పరిగెత్తే చివరి భాగం. అదొక్కటీ అయిపోతే గండం గడిచినట్టే. ఒళ్లో ఉన్న సంచీ పట్టీని భానోజీ వేలికి చుట్టుకుంటూ కూచున్నాడు.

మేష్టారు మొదటి రికార్డు తీసి, పెట్టెలోని దాని సంచిలో దోపారు. పాత ముల్లు తీసి కొత్తది బిగించారు. కీ ఇచ్చారు. మీట వదిలారు. రికార్డు లేని ఉత్త పళ్లెం గిర్రున తిరగసాగింది. ముల్లు దించకుండా పక్కనే ఆపి, చెక్క మీద అరచెయ్యి ఆనించి, ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

వైజయంతి గారు కళ్లు తెరిచింది. తిరుగుతున్న పళ్లెం వంకా, మేష్టారి వంకా చూసింది.

“ఏవండీ, రికార్డు పెట్టడం మర్చిపోయినట్టున్నారు” అంది.

ఆయనకి వినపడలేదు. వినపడినా పలికేట్టు లేరు.

యంత్రం సన్నగా గరగరమంటోంది. భానోజీ మేష్టారి చేతి వంకే చూస్తున్నాడు. చెక్క మీద చూపుడువేలు కదులుతోంది. ముసలాయన వేలు ఊరికే వణుకుతోందనుకున్నాడు మొదట. వణుకు కాదు, నడక. నెమ్మది నడక. దాన్ని తనెక్కడో విన్నాడు.

వేలు ఒక చోట ఆగింది.

వేలు కదల్లేదు. పళ్లెం తిరుగుతోంది. అయిపోయిందేమో అనుకునేలోపు, మెల్లిగా, ఎక్కడో అడుగునుంచి లేచినట్టు, మళ్లీ కదిలింది.

అదే చోటు. సరిగ్గా అదే. విన్నవాడు తనొక్కడే అనుకున్నాడు! ఈ మనిషి చెవులుండగా దాన్ని ఎన్నిసార్లు విన్నాడో. ఇప్పుడాయనకి రికార్డు తిరిగినా ఒకటే, ఉత్త పళ్లెం తిరిగినా ఒకటే.

మేష్టారు లేచారు. యంత్రం ఆపారు. ముల్లు ఇంకా దేన్నీ తాకలేదు, అయినా దాన్ని మార్చి కొత్తది వేశారు. మళ్లీ కీ ఇచ్చారు. రెండో వైపన్నమాట. పళ్లెం మళ్లీ తిరిగింది.

వైజయంతి గారు భానోజీ పక్కకి జరిగి గొంతు తగ్గించింది. ఆ గొంతులో నిజంగానే జాలి ఉంది.

“ఎన్నాళ్లుగా ఇలా ఉన్నారండీ?”

భానోజీ కళ్లు ఆ వేలి మీదే ఉన్నాయి.

“పాపం, పెద్ద వయసు. మతి నిలవడం లేదు. ఏమీ అనుకోకండి, ఇలాంటివి ఆయన చేతికివ్వడం ప్రమాదం. ఇకమీదట మీతోనే మాట్లాడతాం. మీరు ఊఁ అంటే కాయితాలు ఇప్పుడే రాసుకుందాం. ఆయన్ని హాయిగా విశ్రాంతి తీసుకోమందాం.”

తలూపితే చాలు. మాట కూడా అక్కర్లేదు. పెట్టెలు భద్రంగా ఉంటాయి, కొలువు వస్తుంది, సంచీలోని ముక్కలు ఏ చీకట్లోనో గోదారిలో కలుస్తాయి. దానికి బదులుగా మేష్టారు ఒక్కరూ మతిలేని ముసలాడిగా మిగిలిపోవాలి. ఆయన ఏమీ అనరు. అనేవారైతే ఆ రోజే, కార్డు చదివిననాడే అనేవారు.

వేలు ఇంకా నడుస్తూనే ఉంది. ఆయన ఇటు చూడడం లేదు. ఒక్కసారి ఇటు చూసి తిట్టినా బాగుండుననిపించింది భానోజీకి.

లేచాడు. సంచీలోంచి తువ్వాలు మూట తీసి, బల్ల మీద పెట్టి, ముడి విప్పాడు. మూడు నల్లటి ముక్కల్ని ఒకదాని పక్కన ఒకటి గుండ్రంగా పేర్చాడు.

“ఆయనకి మతి బాగానే ఉందండి” అన్నాడు. “ఇది మధ్య రికార్డు. నేనే పగలగొట్టాను. రెండు భాగాలేనని నేనే రాశాను. ఆయన ఇప్పుడు పెడుతున్నది ఇదే.”

వైజయంతి గారు ముక్కల్ని చూసింది. ముగ్గురూ అలాగే ఉండిపోయారు, వేలు తన నడక ముగించి చెక్క మీద ఆగేదాకా.

మేష్టారు యంత్రం ఆపి ఇటు తిరిగారు. బల్ల మీది ముక్కల్ని చూశారు. ఆయన మొహంలో కోపం లేదు, ఆశ్చర్యం అంతకన్నా లేదు. మూడు ముక్కలూ చక్కగా అతుకుతున్నాయి గానీ అంచు దగ్గర వేలిగోరంత ఖాళీ మిగిలిపోయింది. చొక్కా జేబులోంచి ఒక కాయితప్పొట్లం తీసి విప్పారు. అందులో సన్నటి నల్లటి పెచ్చు. దాన్ని తెచ్చి ఆ ఖాళీలో పెట్టారు. సరిపోయింది.

“చాప కింద ఉంది. కాలికి గుచ్చుకుంది” అన్నారు.

భానోజీకి ఏడుపు ఆగలేదు. చేతుల్తో మొహం కప్పుకున్నాడు. మేష్టారు అతని జోలికి రాకుండా మూడో రికార్డు తీసి పెట్టారు. చివరి భాగం ఏమీ ఎరగనట్టు హుషారుగా పరిగెత్తి ముగిసింది.

వైజయంతి గారు మోర్విల్ కార్డు చేతిలోకి తీసుకుంది. ‘పూర్తి’ అన్న మాట దగ్గర బొటనవేలు పెట్టింది.

“మిగతావాటిలో ఇలాంటివి ఎన్నున్నాయి?”

“ఇదొక్కటేనండి.”

“ఎలా నమ్మమంటారు?”

భానోజీ మేష్టారి వంక చూశాడు. ఆవిడ అదే మాట మేష్టారి చెవి దగ్గరికెళ్లి గట్టిగా అడిగింది.

“నమ్మక్కర్లేదమ్మా” అన్నారాయన. “పెట్టెలన్నీ ఇక్కడే ఉన్నాయి. వినండి.”

“విరిగింది ఉంటే మావాళ్లు ఒప్పుకోరండీ.”

“ఒప్పుకోకపోతే పోనివ్వండి. వినడానికి ఒప్పుకోవడం దేనికి?”

ఆవిడ గోడ వారన పేర్చిన పెట్టెల్ని చూసింది. గుమ్మంలో నిలబడ్డ డ్రైవర్ని చూసింది. చేతిసంచీని కుర్చీ కింద పెట్టి, “నువ్వు భోజనం చేసిరా. నాకు ఆలస్యమవుతుంది” అంది వాడితో.

భానోజీ కళ్లు తుడుచుకుని కొత్త కార్డు ఒకటి తీసుకున్నాడు. ఫ్లూటు కన్చెర్టో, ఎతియెన్ మోర్విల్, మూడు రికార్డులు, మూడు భాగాలు అని రాశాడు. చివరి గడి దగ్గరికొచ్చేసరికి కలం ఆగిపోయింది. ఆ గడిలో రాసేవి రెండే మాటలు. ఉంటే పూర్తి, లేకపోతే లోటు. ముక్కలకి మాట లేదు.

కార్డు మేష్టారి ముందుంచి, ఆ గడి చూపించాడు.

“ఏమని రాయమంటారండీ?”

మేష్టారు నాలుగు ముక్కల్నీ ఒక్కొక్కటిగా, రెండు చేతుల్తో తీసి, మొదటి రికార్డుకీ మూడోదానికీ మధ్య ఖాళీగా ఉన్న సంచిలో పెట్టారు.

“విరిగిందని రాయి” అన్నారు. “లేదని రాయకు.”